రవ్వ చేపలకు పొట్ట ఉబ్బి ఎర్ర మచ్చలు, మందు పెట్టినా చావు ఆగుతలేదు

మిర్యాలగూడ_రైతు:
అన్నలూ మాది మిర్యాలగూడ దగ్గర రెండెకరాల చెరువు, రవ్వ బొచ్చె కలిపి పోసినం. వారం సంది రోజుకు పది పదిహేను రవ్వలు చచ్చి గట్టుకు కొట్టుకొస్తున్నయి. పొలుసులు లేచి నిలబడుతున్నయి, రెక్కల మొదట్ల ఎర్రగ రక్తం కమ్మినట్టు ఉంటది, ఒకటి కోసి చూస్తే పొట్టల నుంచి పసుపు నీళ్లు కారినయి. మందుల షాపుల ఆక్సీటెట్రాసైక్లిన్ ఇచ్చిండ్రు, ఐదు రోజులు మేతల కలిపి పెట్టిన, తేడా లేదు. ఇప్పుడు ఇంకో యాంటీబయాటిక్ డబుల్ డోసు వేయమంటుండ్రు. వేయాల్నా? అప్పు తెచ్చి పెట్టిన పైసలన్నీ దాంట్లనే ఉన్నయి.

పెబ్బేరు_ఫిషరీస్:
అన్నా రెండో మందు ఇప్పుడే కొనకు. నేను పెబ్బేరు ఫిషరీస్ కాలేజీల చదువుతున్న. నువ్వు చెప్పింది ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియా లెక్కనే ఉంది, కానీ ఎడ్వర్డ్‌సియెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా వచ్చినా పొట్ట ఇట్లనే ఉబ్బుతది, కంటితో చూసి తేల్చలేం. ల్యాబుల చేప కిడ్నీ నుంచి కొంచెం తీసి బ్యాక్టీరియా పెరిగే ప్లేటు మీద గీస్తరు, పెరిగిన బ్యాక్టీరియాను ఇంకో ప్లేటు నిండ పూసి మందులు అద్దిన చిన్న కాగితం బిళ్లలు పెడతరు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ గుండ్రంగ ఖాళీ జాగ వస్తది. నేను చూసిన ఒక ప్లేటుల ఆక్సీటెట్రాసైక్లిన్ బిళ్లను ఆనుకొని మరీ పెరిగింది, ఇగ ఆ మందు ఎన్ని కిలోలు పెడితే ఏం లాభం. ఇంకోటి, రోగం ముదిరిన చేప మేతే ముట్టదు, నువ్వు కలిపిన మందంతా మంచిగున్నవే తిన్నయి.
చచ్చిన చేప తేవద్దు, గంటలల్ల పేగుల బ్యాక్టీరియా ఒళ్లంతా పాకి రిజల్ట్ చెడిపోతది. నీరసంగ తేలేది బతికుండంగనే పట్టి ఆక్సిజన్ కవర్ల వేసుకో. మీకు పెబ్బేరు దూరం, పాలేరు ఫిషరీస్ రీసెర్చ్ స్టేషన్ దగ్గర, శాంపిల్ తీసుకుంటరా అని ఫోన్ చేసి పో.

డిండి_పెద్దాయన:
తమ్మీ చేపల ఒంటి మీద పేను ఉందా చూసినవా? మాకు పోయినేడు గిదే కథ. పేను కరిచిన పుండుల నుంచే బ్యాక్టీరియా లోపలికి పోయింది, అది నీళ్లల్ల ఎప్పుడూ ఉండేదేనట, చేప బలం తగ్గినప్పుడు మీద పడుతదట. తెల్లారగట్ల నాలుగింటికి గట్టు మీదికి పో, చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నయంటే ఆక్సిజన్ లేనట్టే, మేత బంద్ పెట్టి ఏరేటరో మోటరో నడుపు. షాపోళ్లు మందు ఎకరానికి ఇంత అని చెప్తరు, లోతు అడగరు. ఎకరంల 5 అడుగుల నీళ్లుంటే సుమారు 6,000 ఘనపు మీటర్లు, 1 పీపీఎం (ఘనపు మీటరు నీళ్లకు 1 గ్రాము మందు) అంటేనే 6 కిలోలు. నేను లోతు కొలవకుండ పర్మాంగనేట్ చల్లి మందు దండుగ చేసిన.

మిర్యాలగూడ_రైతు:
పొద్దుగాల పోయి చూసిన. తోక దగ్గర పారదర్శకంగ బిళ్లలెక్క జరుగుతున్నయి, పేనే. చేపలు నోర్లు కూడ తెరుస్తున్నయి. మేత ఆపిన, మోటర్ పెట్టిన. రేపు మూడు చేపలు పట్టుకొని పాలేరు పోతున్న. మిగిలిన పెద్దవి ఇప్పుడే అమ్మేద్దామంటుండు మా బావ.

పెబ్బేరు_ఫిషరీస్:
వద్దన్నా, నిన్న మొన్నటి దాక మందు తిన్న చేపలు అవి, జనం తినేది. ఎన్ని రోజులు ఆగాల్నో పాలేరుల అడుగు. చెరువు నీళ్లు వేరే సీసాల పట్టుకపో, చచ్చినవి కట్ట మీద వదలకుండ సున్నం వేసి పాతిపెట్టు, మీ చెరువుల వాడిన వలను పక్క చెరువుల వేయకు.