పథకాలు ఎక్కువ ఇస్తే సోషల్ డెమోక్రసీ అయిపోతుందా?

గ్రూప్2_మళ్లీ:
గ్రూప్స్‌కి చదువుతున్నా. సోషల్ డెమోక్రసీ (ఎన్నికలు, మార్కెట్ ఉంచుతూనే పన్నులు, హక్కులతో అసమానత తగ్గించాలనే రాజకీయం) విలువలు అంటే స్వేచ్ఛ, సమానత్వం, సంఘీభావం అని మూడు ముక్కలు రాసి వదిలేశారు మెటీరియల్‌లో. స్వీడన్‌కైతే సరే, అక్కడ పన్నులు కట్టేవాళ్లున్నారు, గట్టి యూనియన్లున్నాయి. మన దగ్గర పనిచేసేవాళ్లలో ఎక్కువమందికి అపాయింట్‌మెంట్ లెటరే ఉండదు కదా, ఇక్కడ దీనికి అర్థమేంటి? మా రూమ్మేట్ రెండ్రూపాయల బియ్యం, ఆరోగ్యశ్రీ, ఫ్రీ బస్సు, ఇదేగా అంటాడు. కాదనిపిస్తోంది గానీ ఎందుకు కాదో చెప్పలేకపోతున్నా.

కాలువగట్టు:
మీ రూమ్మేట్ మాటలో సగం నిజముందండీ. 1983లో ఎన్టీఆర్ రెండ్రూపాయలకి కిలో బియ్యం పెట్టాక ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగిందో పెద్దవాళ్లని అడగండి, దాన్ని తీసిపారేయలేం. కానీ ఇవ్వకపోతే మనం నిలదీయగలమా లేదా అన్నది చూడాలి. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పని అడిగిన 15 రోజుల్లోగా చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని రాశారు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టారు. తర్వాత మన రాష్ట్రంలోనే సామాజిక తనిఖీలు పెట్టి, ఎవరి పేరు మీద ఎంత కూలి డ్రా అయిందో ఊరందరి ముందూ చదివించారు. భృతి ఎంతమందికి అందిందంటే ఏడుపొస్తుంది, అది వేరే సంగతి. అయినా కూలికెళ్లే మనిషి నాయకుడి దయతో పని లేకుండా చట్టం చూపించి అడగొచ్చు, నా లెక్కలో స్వేచ్ఛంటే అదే. ఆరోగ్యశ్రీలో ఇది సగమే ఉంది, ఆపరేషన్‌కి కార్డు పనిచేస్తుంది, జ్వరమొస్తే మళ్లీ ఆర్‌ఎంపీ దగ్గరికే.

అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం తప్పకుండా చదవండి. ఓటు దగ్గర అందరం సమానం, బతుకు దగ్గర కాదు, ఈ వైరుధ్యాన్ని ఎన్నాళ్లు మోస్తాం అని అడిగాడాయన. సంఘీభావం బదులు ఆయన సౌభ్రాతృత్వం అన్నాడు. కులం ఉన్నచోట అది మరీ కష్టం.

ఎర్రనేల:
సమానత్వానికి పరీక్ష పెట్టాలంటే కౌలురైతుని తీసుకోండి. తెలంగాణలో 2018లో రైతుబంధు వచ్చింది, మొదట ఎకరాకి సీజన్‌కి 4,000, తర్వాత 5,000. పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లకే. పదెకరాలు కౌలుకిచ్చి సిటీలో ఉంటున్నాయనకి డబ్బు పడింది, అప్పు తెచ్చి పత్తి వేసినోడికి రూపాయి రాలేదు. పైగా భూమి ఎక్కువుంటే సాయం కూడా ఎక్కువ. దీన్ని సోషల్ డెమోక్రసీ అంటే నేనొప్పుకోను.

లెక్కలమాస్టారు:
అందరూ మంచి మాటలే చెప్తున్నారు, డబ్బెక్కడిది? కేరళ కేరళ అంటారు గానీ అక్కడ సామాను దించకుండా ఊరికే నిలబడి చూసినందుకు కూడా హమాలీలు కూలి వసూలు చేసేవాళ్లు, నోక్కుకూలి అంటారు, చివరికి 2018లో ప్రభుత్వమే నిషేధించాల్సి వచ్చింది. ఆ రాష్ట్రాన్ని నడిపింది గల్ఫ్ డబ్బు బాబూ.

కాలువగట్టు:
నోక్కుకూలి దరిద్రమే, దాన్ని సమర్థించను. కానీ మాస్టారూ, వరస తిరగేశారు మీరు. కేరళలో కౌలు వ్యవస్థ రద్దు 1970 జనవరిలో అమల్లోకి వచ్చింది, కల్లుగీత కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1969ది. గల్ఫ్‌కి జనం పెద్దఎత్తున వెళ్లింది 1973లో చమురు ధర పెరిగాకే. అప్పటికి కేరళ తలసరి ఆదాయం దేశ సగటు కన్నా తక్కువ, చదువులో మాత్రం మనకన్నా ఎంతో ముందు. డబ్బున్నాక మొదలెడదాం అని వాళ్లు కూర్చోలేదు.

గ్రూప్2_మళ్లీ గారూ, అపాయింట్‌మెంట్ లెటరే లేనిచోట ఎలా అన్నారు కదా, ఆ కల్లుగీత నిధి లాంటివే దారి. దేశమంతటికీ కూడా ఒకటుంది. 1996 చట్టంతో మొదలైన పద్ధతి ప్రకారం కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు భవన కార్మికుల బోర్డుకి వెళ్లాలి. మేస్త్రీ మారినా, సైటు మారినా, కార్మికుడి కార్డు అలాగే ఉంటుంది. పన్ను గురించి కూడా ఒక మాట. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టని కూలీ సబ్బు కొన్నా జీఎస్టీ కడుతున్నాడు, కాబట్టి మా డబ్బుతో వాళ్లని పోషిస్తున్నాం అనే మాట మానేస్తే మంచిది.

గ్రూప్2_మళ్లీ:
థాంక్స్ అండీ. మా రూమ్ పక్కనే అపార్ట్‌మెంట్ కడుతున్నారు, అక్కడివాళ్లకి ఆ కార్డు ఉంటుందా?

ఎర్రనేల:
ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లైతే చాలామందికి ఉండదు బ్రో. ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపించాలి, కాగితం ఎవరిస్తారు? రాష్ట్రాల బోర్డుల్లో డబ్బు ఖర్చుకాకుండా మూలుగుతోందని సుప్రీంకోర్టే తిట్టింది.

లెక్కలమాస్టారు:
చూశారా, వసూలు చేసింది కూడా ఖర్చుపెట్టడం రాదు. నేనన్నదీ అదేగా.