సమస్య: ‘తల్లి తోడేలు కొమరుండు ధరణినేలె’

తేటగీతి పద్యానికి చివరి పాదం ఇచ్చాను. ముందు మూడు పాదాలు రాసి దానికి అర్థం కుదర్చడమే పూరణ. తోడేలును క్రూరత్వానికి ఉపమానంగా వాడే పూరణలు మాత్రం వద్దు. ఆ దారి బాగా అరిగిపోయింది.

మొదటి పూరణ

నీట విడువఁగ శిశువుల నిర్దయులయి
జాలితోఁ బాలొసఁగి పెంచె జంతువొకటి
రోము పురమును గట్టిన రోములునకు
తల్లి తోడేలు కొమరుండు ధరణినేలె

సమీక్ష: ధార బాగుంది. కానీ పురాణగాథలో రోములుని కన్నది రియా సిల్వియా, తోడేలు పాలిచ్చింది. ‘తల్లి’కి సమర్థన కావాలి. ‘జంతువొకటి’ పాదం నింపడానికే వచ్చింది. ‘జాలితోఁ బాలొసఁగి పెంచె జనని వోలె’ అనండి. యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరాల్సిన అక్షర మైత్రి) నిలుస్తుంది, సమర్థనా కుదురుతుంది. రోములోని కాపిటొలైన్ మ్యూజియంలో ఉన్న కంచు తోడేలును చూడండి. కింద పిల్లలు పాలు తాగుతుంటే అది చెవులు నిక్కించి, తల పక్కకు తిప్పి కాపలా కాస్తుంటుంది. ఆ కవలల బొమ్మలు 15వ శతాబ్దంలో చేర్చినవే అయినా ఎంత చక్కగా అతికాయో!

రెండవ పూరణ

వైరు లెల్లరఁ జంపఁగ బాలుఁ డొకఁడు
మిగుల నొక వృకి వానిని మేపి పెంచె
గుహను బదుగురఁ గనెఁ దుర్కు కులపు గాథ
తల్లి తోడేలు కొమరుండు ధరణినేలె

(పూరణకర్త: వై-బా యతి చెల్లుతుందా?)

సమీక్ష: చెల్లుతుంది, బ-వలకు అభేదం. ఇక్కడ తోడేలు కన్నతల్లే కాబట్టి సమస్య నేరుగా తీరింది. ఆ పదుగురిలో ఒకరిది అషీనా వంశం. ఆ వంశపు బూమిన్ 552లో తుర్కుల రాజ్యం స్థాపించాడు. వారి ధ్వజాల మీద బంగారు తోడేలు తల ఉండేదని చైనా చరిత్రలు చెబుతాయి.

మూడవ పూరణ

వయసు రాఁగానె మందను వదలి నడచి
గిరులు నదులును దాఁటుచుఁ గేకవైచి
తోడు దొరికిన చోటఁ దాఁ దొరగ నిలిచె
తల్లి తోడేలు కొమరుండు ధరణినేలె

సమీక్ష: నాకు అన్నిటికన్నా నచ్చిన పూరణ. కథ అక్కరలేకుండా అడవినే చూపారు. స్లావ్చ్ అనే మగ తోడేలు 2011 చివర స్లొవేనియాలో బయలుదేరి, ఆస్ట్రియా మీదుగా వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిచి, ఇటలీలోని లెస్సీనియాలో జత కట్టింది. మీ పద్యం అచ్చంగా దాని ప్రయాణమే.

‘దొరగ’ దగ్గర మాత్రం అభ్యంతరం ఉంది. మందకు కొట్లాడి గెలిచిన నాయకుడు ఉంటాడన్న మాట, బంధుత్వం లేని తోడేళ్లను ఒకే ఆవరణలో బంధించి చూసినప్పుడు పుట్టింది. దాన్ని తన 1970 నాటి పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మెక్ గారే 1999లో సరిదిద్దారు. అడవిలో మంద అంటే సాధారణంగా అమ్మ, నాన్న, పిల్లలు. అందుకే ‘తరుణి దొరికిన చోటఁ దాఁ దండ్రి యయ్యె’ అని మార్చండి.

పూరణకర్త: సవరణ స్వీకరించాను. ఆడతోడేలును ‘తరుణి’ అనవచ్చా?

సమీక్ష: నిరభ్యంతరంగా అనవచ్చు. ‘కొమరుండు’ అన్నాక ఆమెకు ఆ గౌరవం దక్కాల్సిందే.