రెడ్‌లో రైట్ తిరిగినందుకు రెండు కెమెరా టికెట్లు: కట్టేయాలా, అప్పీలు చేయాలా?

ప్రశ్న (నేపర్‌విల్, ఇల్లినాయ్)

అందరికీ నమస్కారమండీ. నిన్న పోస్టులో రెండు కవర్లు ఒకేసారి వచ్చాయి. పక్క ఊరి సిగ్నల్ దగ్గర రెడ్ ఉండగా రైట్ తిరిగానని కెమెరా టికెట్లు. ఒక్కొక్కటి 100 డాలర్లు. రెండూ ఒకే కూడలి, నాలుగు రోజుల తేడా. పాపని కూచిపూడి క్లాసుకి దింపే దారి అది, వారానికి రెండుసార్లు వెళ్తాను. మొదటి నోటీసు వెంటనే వచ్చి ఉంటే రెండోది జరిగేదే కాదు.

రెడ్‌లో రైట్ తిరగొచ్చు కదా? తిరగకూడదని అక్కడ బోర్డు కూడా లేదు. కారు మా వారి పేరు మీద ఉంది, నడిపింది నేను. మా గ్రీన్ కార్డు ఫైలు నడుస్తోంది. ఆయన రికార్డు మీద ఏమైనా పడుతుందేమోనని రాత్రి నిద్ర పట్టలేదు. ఇన్సూరెన్స్ పెరుగుతుందా? లాయర్‌ని పెట్టుకోవాలా?

జవాబు (షామ్‌బర్గ్)

కట్టకండి అక్కా. మా ఫ్రెండ్‌కి డల్లాస్‌లో వస్తే చింపి పారేశాడు, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

జవాబు (అరోరా, 16 ఏళ్లుగా ఇక్కడే)

తమ్ముడూ, డల్లాస్ లెక్క ఇక్కడ పనికిరాదు. టెక్సస్‌లో 2019 జూన్‌లో చట్టం చేసి ఈ కెమెరాలనే నిషేధించారు. ఇల్లినాయ్‌లో అలా కాదు. ఇక్కడ చింపేస్తే 100 మీద ఇంకో 100 దాకా వేసే అధికారం ఊరికి ఉంది, ఆ తర్వాత వసూలు ఏజెన్సీకి పోతుంది. దయచేసి అలాంటి సలహా ఎవరికీ ఇవ్వకు.

అమ్మా, ముందు మీరు స్థిమితపడండి. ఇల్లినాయ్‌లో కెమెరా టికెట్ సివిల్ జరిమానా. కారు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లకి వస్తుంది, నడిపింది ఎవరని అడగరు. లైసెన్సు మీద పాయింట్లు (తప్పు చేస్తే పడే మార్కులు) లేవు, డ్రైవింగ్ రికార్డు మీద మూవింగ్ వయొలేషన్‌గా, అంటే బండి నడపడంలో చేసిన తప్పుగా ఎక్కదు. ఇన్సూరెన్స్ గురించి బెంగ వద్దు. పోలీసాయన ఆపి చేతికిచ్చే టికెట్ వేరు, దానికి ఇవన్నీ ఉంటాయి. గ్రీన్ కార్డు సంగతి అంటారా, నోటీసు కాపీ, కట్టిన రసీదు ఫైల్లో పెట్టుకోండి, మీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక మెయిల్ పెట్టండి. దాచాల్సిన విషయమూ కాదు, నిద్ర మానుకోవాల్సిన విషయమూ కాదు.

ఇక అసలు సంగతి. రెడ్‌లో రైట్ తిరగొచ్చు, నిజమే. కానీ ఆగి తిరగాలి. మనందరికీ ఇక్కడే దెబ్బ తగులుతుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బండి నేర్చుకుని వచ్చినవాళ్లకి ఫ్రీ లెఫ్ట్ ఒంట్లో ఇంకిపోయి ఉంటుంది. అక్కడ ఫ్రీ లెఫ్ట్ దగ్గర ఆగామంటే వెనకనుంచి హారన్లు వాయించేస్తారు. ఇక్కడ రోడ్డు అటుదిటు అయ్యింది కాబట్టి ఫ్రీ రైట్ అనుకుంటాం. ఇది ఫ్రీ కాదు. రెడ్ ఉన్నంతసేపూ ఆ రైట్ టర్న్ దగ్గర మీకు స్టాప్ సైన్ ఉన్నట్టే లెక్క. తెల్ల గీత ముందు చక్రాలు పూర్తిగా ఆగాలి, నడిచేవాళ్లని, ఎడమనుంచి వచ్చే బండ్లని చూసుకోవాలి, అప్పుడు తిరగాలి. వేగం తగ్గించి, గంటకి అయిదు మైళ్లలో మెల్లగా జారిపోతే మన లెక్కలో ఆగినట్టే ఉంటుంది, కెమెరా లెక్కలో ఆగనట్టే.

డబ్బు కట్టే ముందు, అప్పీలు పెట్టే ముందు కూడా, వీడియో చూడండి. నోటీసు మీద వెబ్‌సైట్ చిరునామా, నోటీసు నంబరు ఉంటాయి. రెండు ఫోటోలు, కొద్ది సెకన్ల వీడియో వస్తాయి. ఫోన్లో కాదు, పెద్ద స్క్రీన్ మీద చూడండి. కారుని మొత్తంగా చూస్తే ఆగిందో లేదో తెలియదు. వెనక చక్రం రిమ్ మీద దృష్టి పెట్టండి, రిమ్ కడ్డీలు తిరగడం ఆగిన క్షణం ఉందా? అది కనపడకపోతే బంపర్ నీడని రోడ్డు మీద ఏదైనా గీతతో పోల్చి, ఆపుతూ ఆపుతూ చూడండి. చూశాక ఇక్కడ రాయండి.

జవాబు (షామ్‌బర్గ్)

సారీ అక్కా, రాష్ట్రాన్ని బట్టి మారుతుందని తెలియదు. మాట వెనక్కి తీసుకుంటున్నా.

జవాబు (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

మా దగ్గర ఇంకా కష్టం. నాకు 2017లో వచ్చింది. ఇక్కడ అప్పట్లో డ్రైవర్ మొహం కూడా ఫోటో తీసేవాళ్లు, ఎందుకంటే టికెట్ నడిపినవాళ్ల మీదే. నేరుగా రెడ్ దాటితే ఫీజులన్నీ కలిపి 490 దగ్గర పడేది, రైట్ తిరిగినందుకు నాకు 240 దగ్గర పడింది, పైగా ఒక పాయింట్. ట్రాఫిక్ స్కూల్ (డ్రైవింగ్ నియమాల క్లాసు) చేసి పాయింట్ బయటికి కనపడకుండా చూసుకున్నాను. ఇంకో మాట, కాలిఫోర్నియాలో రైట్‌కి ఎర్ర బాణం ఉంటే ఆగినా సరే తిరగకూడదు. గుండ్రటి రెడ్‌కి మాత్రమే ఆగి తిరగొచ్చు.

జవాబు (ఎడిసన్, న్యూజెర్సీ)

మా రాష్ట్రంలో కెమెరాల ప్రయోగం 2014 డిసెంబరుతో ముగిసిపోయింది. కానీ న్యూయార్క్ సిటీలోకి కారు తీసుకెళ్లేవాళ్లు జాగ్రత్త. అక్కడ లెక్క తిరగేసి ఉంటుంది, తిరగొచ్చని బోర్డు ఉంటేనే రెడ్‌లో రైట్, లేకపోతే లేదు. కెమెరా టికెట్ 50 డాలర్లు.

ప్రశ్న అడిగినవారు

వీడియోలు చూశానండీ. మా వారు, నేను పక్కపక్కన కూర్చుని పదిసార్లు చూశాం.

మొదటిదాంట్లో నేను ఆగలేదు. ఆగాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. చక్రం ఒక్క క్షణం కూడా నిలబడలేదు. పక్క సందులోంచి ఒక పెద్దాయన కుక్కతో క్రాస్‌వాక్ వైపు నడిచి వస్తున్నాడు. నేను అటువైపు చూడనే లేదు, ఎడమనుంచి వచ్చే బండ్ల మీదే కళ్లు. అది చూసి చేతులు చల్లబడ్డాయి.

రెండోది వేరుగా ఉంది. తెల్ల గీత దాటాను, క్రాస్‌వాక్ మీదికి కూడా వచ్చాను, కానీ అక్కడ పూర్తిగా ఆగాను. చక్రం ఆగడం స్పష్టంగా కనపడుతోంది, దాదాపు మూడు సెకన్లు. ఆ మూల గుబురు పొదలున్నాయి, గీత దగ్గర ఆగితే ఎడమవైపు ఏమీ కనపడదు. మనుషులు ఎవరూ లేరు. అయినా గీత దాటాను కాబట్టి తప్పేనా?

జవాబు (అరోరా)

మొదటిది కట్టేయండి. వాదించడానికి ఏమీ లేదు.

రెండోది మాత్రం కట్టొద్దు, అప్పీలు చేయండి. ఇల్లినాయ్ వాహన చట్టంలో కెమెరాల సెక్షన్ 11-208.6. అందులో చాలామందికి తెలియని మాట ఒకటుంది. బండి తెల్ల గీతో క్రాస్‌వాకో దాటి ఆగినా, పూర్తిగా ఆగి, అప్పటికి కూడలిలోకి వెళ్లకపోతే, అక్కడ నడిచేవాళ్లు గానీ సైకిళ్లవాళ్లు గానీ లేకపోతే, కెమెరా నోటీసు పంపకూడదు. కూడలి అంటే రెండు రోడ్లూ కలిసే చోటు, అడ్డ రోడ్డు అంచు దాటాక మొదలవుతుంది. క్రాస్‌వాక్ దానికి ముందే ఉంటుంది. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది మీ కేసే.

లాయర్ అక్కర్లేదు. నోటీసు వెనక రాతపూర్వకంగా అప్పీలు చేసే దారి ఉంటుంది, దాని మీద ఉన్న గడువు తేదీ చూసుకోండి. గుండెలు బాదుకునే ఉత్తరం రాయకండి. పాప క్లాసు సంగతి, తొందర సంగతి, మొదటిసారి అన్న సంగతి ఏవీ పనికిరావు. విచారణ అధికారి చూసేది వీడియో ఒక్కటే. ఫలానా సెకను నుంచి ఫలానా సెకను దాకా బండి కదలలేదు, కూడలిలోకి రాలేదు, పాదచారులు లేరు, సెక్షన్ ఇది అని నాలుగు వాక్యాలు చాలు. ఆ క్షణం స్క్రీన్‌షాట్ జతచేయండి. పగటిపూట వెళ్లి, కారు పక్కన ఆపుకుని, గీత దగ్గరనుంచి పొదలు ఎలా అడ్డొస్తున్నాయో ఒక ఫోటో కూడా తీయండి.

ఇకముందు అక్కడ రెండుసార్లు ఆగండి. గీత దగ్గర ఒకసారి, తర్వాత మెల్లగా ముందుకు వచ్చి కనపడే చోట ఇంకోసారి. వెనకవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి, టికెట్ వాడు కట్టడు.

జవాబు (టాంపా, ఫ్లోరిడా)

అందరికీ ఒక మనవి. ఈ మధ్య ఫోన్‌కి మెసేజ్‌లు వస్తున్నాయి, మీకు ట్రాఫిక్ టికెట్ బాకీ ఉంది, ఈ లింక్ నొక్కండి అని. అది మోసం. అసలు కెమెరా నోటీసు ఇంటికి పోస్టులో వస్తుంది, అందులో మీ కారు ఫోటో, నంబర్ ప్లేటు ఉంటాయి. మా అమ్మానాన్న ఇక్కడికి వచ్చినప్పుడు నాన్న నా ఫోన్లో అలాంటిది చూసి కంగారుపడి కార్డు నంబరు కొట్టబోయారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు (అయిదు వారాల తర్వాత)

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. మొదటిది ఆ రోజే కట్టేశాం. రెండోదానికి మీరు చెప్పినట్టే నాలుగు వాక్యాలు, రెండు ఫోటోలు పంపాను. ఇవాళ ఉత్తరం వచ్చింది, మాకు బాధ్యత లేదని ఆ టికెట్ కొట్టేశారు. అరోరా అన్నయ్యగారికి మా ఇద్దరి తరఫున ధన్యవాదాలు. ఈసారి బాలాజీ గుడికి వచ్చినప్పుడు కబురు పెడతాను, మా ఇంటికి భోజనానికి రావాలి.

పొదల ఫోటో ఆ ఊరి రోడ్ల విభాగానికి కూడా పంపాను, కత్తిరించమని. ఇంకా జవాబు రాలేదు. వచ్చే వారం మళ్లీ రాస్తాను.