ఫుటీలో ఎన్‌ఫోర్సర్ ఇంకా అవసరమా?

గుంటూరు_జీలాంగ్:
శుక్రవారం ఆఫీసులో లంచ్ దగ్గర మొదలైన వాదన, అక్కడ తేలలేదు, ఇక్కడ పెడుతున్నా. ఏఎఫ్ఎల్‌లో (ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్, పెద్ద లీగ్) ఒకప్పుడు ప్రతి జట్టుకూ ఎన్‌ఫోర్సర్ అనే ఒక మొండిఘటం ఉండేవాడు. గోల్స్ కొట్టడం అతని రెండో పని. మా కుర్రాడి మీద చెయ్యి వేస్తే నేనున్నానని అవతలివాళ్లకు గుర్తు చేయడం మొదటి పని. ఇప్పుడు బంప్ (భుజంతో గుద్దడం) తలకు తగిలితే ట్రైబ్యునల్, అంటే లీగ్ విచారణ మండలి, వారాలకు వారాలు కూర్చోబెడుతోంది కాబట్టి క్లబ్బులు అలాంటివాళ్లను వదిలేశాయి. లాభపడింది ఎవరు? ట్యాగర్లు, అంటే ఎదుటి జట్టు స్టార్‌ను అంటిపెట్టుకుని తిరిగేవాళ్లు. 2023లో హాథోర్న్ జట్టు ఫిన్ మగిన్నెస్, కాలింగ్‌వుడ్ జట్టు నిక్ డైకోస్‌ను 5 డిస్పోజల్స్‌కే (బంతిని కాలితోనో చేత్తోనో అందించడం) కట్టేశాడు. అతను రూల్ ప్రకారమే ఆడాడు, కాదనను. కానీ ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి ఒకడు జలగలా పట్టుకుంటే మధ్యలోకి వచ్చి నిలబడే మనిషి ఉండాలి. నా ఓటు ఎన్‌ఫోర్సర్‌కే.

కబడ్డీ_మాజీ:
మా ఊళ్లో ప్రతి జట్టులోనూ అలాంటివాడు ఒకడుండేవాడు. ఊళ్లో తిరిగేటప్పుడు కూడా అతన్ని చూస్తే భయపడేవాళ్లం.

టార్నీట్_నాన్న:
గుంటూరు గారూ, చరిత్ర నుంచే మొదలుపెడదాం. 1989 గ్రాండ్ ఫైనల్ (కప్పు తేల్చే ఆఖరి మ్యాచ్), మొదటి బౌన్స్, అంటే ఆట మొదలైన క్షణమే. జీలాంగ్ మార్క్ యేట్స్ పరిగెత్తుకుంటూ వచ్చి హాథోర్న్ డెర్మాట్ బ్రెరెటన్‌ను గుద్దేశాడు. పక్కటెముకలు విరిగాయి, కిడ్నీకి దెబ్బ తగిలింది. బ్రెరెటన్ లేచాడు, మైదానం వదల్లేదు, 3 గోల్స్ కొట్టాడు. అదే మ్యాచ్‌లో గ్యారీ ఆబ్లెట్ జీలాంగ్‌కి 9 గోల్స్ కొట్టినా హాథోర్న్ 6 పాయింట్లతో కప్పు ఎత్తుకుపోయింది. మీ ఊరి జట్టు కథే. ఆ గుద్దు వల్ల మీకు ఒరిగిందేమిటి?

గుంటూరు_జీలాంగ్:
యేట్స్‌ను ఎన్‌ఫోర్సర్ అనడమే తప్పు. అది పాత లెక్క తీర్చుకోవడం. ఎన్‌ఫోర్సర్ ముందుగా కొట్టడు, ఎదుటివాడు కొట్టకుండా ఆపుతాడు. ఇంకోమాట, ఆ 6 పాయింట్లు చూడండి. చివరి క్వార్టర్‌లో జీలాంగ్ ఎంత దగ్గరికి వచ్చిందో చూడండి. ఆ రోజు హాథోర్న్ డిపియర్డొమెనికో ఊపిరితిత్తికి చిల్లు పడినా ఆడాడు. ఆ దెబ్బల వల్లే హాథోర్న్ చివర్లో అలిసిపోయింది.

టార్నీట్_నాన్న:
అంటే ఊపిరితిత్తికి చిల్లు పడడం మీ వాదనకు బలమా?

గుంటూరు_జీలాంగ్:
నేను అలా అనలేదు. యేట్స్ ఎన్‌ఫోర్సర్ కాదు అన్నాను. దానికి జవాబివ్వండి.

వైజాగ్_టు_పర్త్:
అన్నా, యేట్స్‌ను వదిలేయండి. 2018 ఆగస్టు వెస్టర్న్ డెర్బీ (పర్త్ జట్లు రెండూ తలపడే మ్యాచ్) గుర్తుందా? వెస్ట్ కోస్ట్ ఆండ్రూ గాఫ్, మా ఫ్రీమాంటిల్ ఆండ్రూ బ్రేషా దవడ పగలగొట్టాడు. బ్రేషాకు అప్పుడు 18 ఏళ్లు. పళ్లు కూడా కదిలిపోయాయి. గాఫ్‌ను ఎన్‌ఫోర్సర్ అని ఎవరూ ఎప్పుడూ అనలేదు, నెమ్మదైన మనిషని పేరు. 8 మ్యాచ్‌ల నిషేధం పడింది. అతను లేకుండానే వెస్ట్ కోస్ట్ ఆ ఏడాది ప్రీమియర్‌షిప్ కప్పు గెలిచింది. ఎన్‌ఫోర్సర్లను తీసేస్తే కొట్టడం ఆగుతుందనేది నేను ఒప్పుకోను. ఉంటే జట్టు గెలుస్తుందనేదీ ఒప్పుకోను. 2019లో దూకుడుకు పేరున్న టోబీ గ్రీన్ సస్పెండైన ప్రిలిమినరీ ఫైనల్‌లో (సెమీస్ లాంటిది) అతని జట్టు జీడబ్ల్యూఎస్ అతను లేకుండానే కాలింగ్‌వుడ్‌ను 4 పాయింట్లతో ఓడించింది.

పాతబస్తీ_పైస్:
ఆ ప్రిలిమినరీ గుర్తు చేయొద్దు. కానీ ఇక్కడ అందరూ మేనార్డ్ దగ్గరికే వస్తారని తెలుసు, ముందే చెప్తున్నా. 2023 క్వాలిఫయింగ్ ఫైనల్‌లో మా కాలింగ్‌వుడ్ బ్రేడెన్ మేనార్డ్ గుద్దుకుని మెల్బోర్న్ ఆంగస్ బ్రేషా స్పృహ తప్పాడు, కానీ మేనార్డ్ ఎగిరింది అతని కిక్‌ను అడ్డుకోవడానికే. గాల్లో ఉన్న మనిషి ఎటు తిరగగలడు? ట్రైబ్యునల్ వదిలేసింది. కేసు అయిపోయింది.

టార్నీట్_నాన్న:
ట్రైబ్యునల్‌లో అయిపోయింది. ఆంగస్ బ్రేషాకు అవలేదు. 2024 ఫిబ్రవరిలో, 28 ఏళ్లకే ఆట మానేశాడు. వైజాగ్ గారు చెప్పిన ఆండ్రూ అతని తమ్ముడే. ఒకే ఇంట్లో ఇద్దరు.

పాతబస్తీ_పైస్:
బాధే. కానీ బంతి కోసమే ఎగిరాడు. వీడియో చూడండి, చేతులు పైకే ఉన్నాయి.

వైజాగ్_టు_పర్త్:
దిగేటప్పుడు భుజం తిప్పాడు కదా?

పాతబస్తీ_పైస్:
తనను తాను కాపాడుకోవడానికి. ఎవరైనా తిప్పుతారు.

మెల్బోర్న్_ఫిజియో:
భుజం తిరిగిందా లేదా అన్నదానికి ఇంత సేపా? గ్రహామ్ ఫార్మర్, డానీ ఫ్రాలీ, షేన్ టక్, ముగ్గురూ పాత ఆటగాళ్లే. ముగ్గురి మెదడులోనూ చనిపోయాక పరీక్షలో సీటీఈ, అంటే తల దెబ్బల వల్ల వచ్చే మెదడు జబ్బు, బయటపడింది. 2023లో హెదర్ ఆండర్సన్‌కూ అదే తేలింది. ఆమె మహిళల లీగ్‌లో ఆడింది, పోయేనాటికి 28 ఏళ్లు. ఈ జబ్బు ఒక్క పెద్ద గుద్దు వల్ల వచ్చేది కాదు. ఏళ్ల తరబడి తగిలే చిన్న చిన్న దెబ్బలు కూడా లెక్కలోకి వస్తాయి. ఎన్‌ఫోర్సర్ మనసులో ఏముందో మెదడుకు తెలియదండీ.

గుంటూరు_జీలాంగ్:
డాక్టర్ల మాట కాదనను. తల మీద కొట్టమని నేనెక్కడా అనలేదు. పక్కన నిలబడడం, ఎదురు ఛాతీ పెట్టడం, రూల్‌లో ఉన్న గట్టి ట్యాకిల్. అంతే. మీరంతా 1985లో లీ మాథ్యూస్ నెవిల్ బ్రన్స్ దవడ విరగ్గొట్టి పోలీసు కేసు దాకా వెళ్లిన రోజుల్లోనే ఉన్నారు. నేను ఈనాటి ఆట గురించి అడుగుతున్నా. 2023 నుంచి మైదానంలో నలుగురు అంపైర్లున్నారు. అయినా బంతి అటు పోగానే ఇటు ఎవడి డొక్కలో ఎవడు గుచ్చుతున్నాడో చూసేవాడు లేడు.

టార్నీట్_నాన్న:
'గట్టి ట్యాకిల్ అంతే' అనడం సులువు. ఆ మాట కింద లీగుల్లోకి వచ్చేసరికి ఏమవుతుందో నేను చూశాను. మావాడికి 13. కిందటి సీజన్‌లో అవతలి కోచ్ ఒక పెద్ద పిల్లవాణ్ణి పిలిచి 'వాడికి నువ్వున్నావని తెలియాలి' అన్నాడు. బౌండరీ దగ్గర నిలబడి ఉన్నా, నా చెవులతో విన్నా. ఐదు నిమిషాల్లో, బంతి అవతలి కొసన ఉండగా, మావాడు కింద పడి ఉన్నాడు. అంపైర్‌కు పదహారేళ్లుంటాయేమో, చూడలేదు. కారులో వాడు మౌత్‌గార్డ్ గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాడు, దానికి గడ్డి అంటుకుని ఉంది. డెరిమట్ రోడ్ ఎక్కేలోపు 'స్కోరెంత నాన్నా' అని నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ అదే గొంతుతో. డాక్టర్ 21 రోజులు ఆట వద్దన్నారు. క్లబ్బుకు ఫోన్ చేస్తే 'ఫుటీ అంటే ఇంతే' అన్నారు. ఆ కోచ్‌కి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఇదిగో, మీలాంటివాళ్ల దగ్గర నుంచే.

గుంటూరు_జీలాంగ్:
మీ అబ్బాయికి జరిగినదానికి నన్ను ముద్దాయిని చేస్తున్నారు. మర్యాదగా మాట్లాడండి.

టార్నీట్_నాన్న:
చేస్తున్నాను. ఇంకొకరి పిల్లవాడి దవడ మీద మీరు మీ సరదా తీర్చుకుంటున్నారు.

అడ్మిన్:
ఇద్దరూ కాస్త ఆగండి. ఇంకో వ్యక్తిగత మాట పడితే ఈ చర్చ మూసేస్తాం.

గుంటూరు_జీలాంగ్:
సరదానా? సరే, నేనూ చెప్తా.

మావాడి జట్టులో ఇండియన్ పిల్లవాడు వాడొక్కడే. రెండు సీజన్లు అవతలి పిల్లలు చెవి దగ్గరకొచ్చి ఏమనేవాళ్లో ఇక్కడ రాయను. స్నానం చేయించేటప్పుడు వాళ్లమ్మ చూసింది. జబ్బ లోపలివైపు గోళ్ల గుర్తులు, నాలుగు, వరసగా. లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాను. మూడు వారాలకు జవాబొచ్చింది, 'రుజువులు లేవు' అని. ఆ తర్వాతి మ్యాచ్‌లో మా జట్టు రక్‌మన్ (బౌన్స్ దగ్గర బంతి కోసం ఎగిరే ఆటగాడు), అందరికంటే తల ఎత్తు పొడుగున్న పిల్లవాడు, నడుచుకుంటూ వచ్చి మావాడి పక్కన నిలబడ్డాడు. ఎవరినీ ముట్టుకోలేదు, ఒక్క మాట అనలేదు. మ్యాచ్ అయ్యేదాకా మావాడి జోలికి ఎవడూ రాలేదు. ఎన్‌ఫోర్సర్ అంటే నా కళ్లకు కనబడేది ఆ పిల్లవాడు. రూలు పుస్తకం మావాణ్ణి కాపాడలేదు, వాడు కాపాడాడు.

కబడ్డీ_మాజీ:
ఇది మొదటి పోస్టులోనే చెప్పాల్సింది అన్నా.

టార్నీట్_నాన్న:
గుంటూరు గారూ, ఆ గోళ్ల సంగతి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. నేనన్న సరదా మాట తప్పు.

కానీ ఒకటి అడుగుతా. 1993లో విక్టోరియా పార్క్‌లో కాలింగ్‌వుడ్ అభిమానులు జాతి పేరుతో తిడుతుంటే ఆదివాసీ ఆటగాడు నికీ విన్మార్ జెర్సీ ఎత్తి తన ఒంటి రంగు చూపించాడు. 1995లో ఇంకో ఆదివాసీ ఆటగాడు మైకేల్ లాంగ్ పట్టుబట్టి ఫిర్యాదు చేశాడు, ఆ ఏడాదే జాతి దూషణ మీద లీగ్ రూలు తెచ్చింది. ఇద్దరిలో ఎవరూ చెయ్యి ఎత్తలేదు. లాంగ్ పిడికిలితో జవాబు చెప్పి ఉంటే ఈరోజు మీరు ఫిర్యాదు రాయడానికి ఆ రూలే ఉండేది కాదేమో.

గుంటూరు_జీలాంగ్:
రూలు 1995లో వచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2015లో, ఆదివాసీ ఆటగాడు ఆడం గూడ్స్‌ను స్టేడియాలకు స్టేడియాలు వెక్కిరించి అరిచాయి. రెండు బ్రౌన్‌లో మెడల్స్ (ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు) గెలిచిన మనిషి ఆ ఏడాదే ఆట వదిలేశాడు. లీగ్ క్షమాపణ చెప్పింది 2019లో. నాలుగేళ్లు! రూలు వద్దని నేననను. అది వచ్చేలోపు పిల్లవాడి సీజన్ అయిపోతుంది. శనివారం పొద్దున మావాడి పక్కన ఎవరుంటారు, అదే నా ప్రశ్న.

మెల్బోర్న్_ఫిజియో:
మీ రక్‌మన్ నిలబడ్డాడు. టార్నీట్ గారు చెప్పిన పిల్లవాడు కొట్టాడు. ఇద్దరినీ ఒకే పేరుతో పిలుస్తున్నారు, గొడవ అక్కడుంది.

గుంటూరు_జీలాంగ్:
ఒకే పేరు ఎందుకంటే, నిలబడ్డవాడు ఎప్పటికీ కొట్టడని తెలిస్తే ఎవడూ ఆగడు. మావాడి జోలికి రాకుండా ఆపింది ఆ భయమే. అబద్ధం చెప్పను.

టార్నీట్_నాన్న:
నాకు భయం అక్కడే. ఆ కోచ్ కూడా 'నువ్వున్నావని తెలియాలి' అనే అన్నాడు, 'కొట్టు' అనలేదు. పదమూడేళ్లవాడికి ఆ రెంటి మధ్య తేడా ఎవరు చెప్తారు?

పాతబస్తీ_పైస్:
మేనార్డ్ చేతులు పైకే ఉన్నాయి, మళ్లీ చూశాను.

గుంటూరు_జీలాంగ్:
మీ అబ్బాయి మళ్లీ ఆడుతున్నాడా?

టార్నీట్_నాన్న:
లేదు. 21 రోజులు ఎప్పుడో అయిపోయాయి. మౌత్‌గార్డ్ కారు డోర్ అరలోనే ఉంది, వాడు తియ్యడు, నేను తియ్యలేదు. నిన్న వాడంతట వాడే ట్రైనింగ్ బుధవారమా గురువారమా అని అడిగాడు. ఆపను. ఆ రక్‌మన్‌ను కన్న తల్లిదండ్రులకు మాత్రం నా తరఫున నమస్కారం చెప్పండి.

గుంటూరు_జీలాంగ్:
చెప్తాను. యేట్స్ ఎన్‌ఫోర్సర్ కాదు, ఆ మాట మీదే ఉన్నాను.