అద్దె పుస్తకంతో గుమ్మంలోకి వచ్చినావిడ చేసింది మేలా, పెత్తనమా?

సుభద్ర
లండన్‌లో పేదల అద్దె ఇళ్లు బాగుచేసి నడిపిన ఆక్టేవియా హిల్ గురించి చదివినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. 1865లో లండన్ మేరిల్‌బోన్‌లోని పారడైజ్ ప్లేస్‌లో రచయిత, కళా విమర్శకుడు జాన్ రస్కిన్ మూడు ఇళ్లు కొని ఆవిడ చేతిలో పెట్టాడు. ఏటా పెట్టుబడి మీద 5 శాతం రావాలి. వారం వారం అద్దె వసూలుకు ఆవిడే వెళ్లేది, తర్వాత ఆవిడ తర్ఫీదిచ్చిన మధ్యతరగతి ఆడవాళ్లు వెళ్లారు. బాకీ పడితే ఖాళీ చేయాల్సిందే. నా దృష్టిలో ఇది పెత్తనమే.

రామ్మోహన్
సుభద్ర గారూ, ఆ ఇళ్లు అంతకుముందు ఎలా ఉండేవో కూడా చెప్పాలి కదండీ. మెట్ల పక్క చెక్క రెయిలింగ్ పీకి పొయ్యిలో పెట్టేసుకున్నారు. పైకప్పు కారి నీళ్లు పడుతుంటే మెట్ల మీద బకెట్ పెట్టుకున్నారు. ఆవిడ ఒక్కో ఇంటికి ఏడాదికింత అని మరమ్మతు సొమ్ము కేటాయించేది. ఏమీ పగలగొట్టకుండా ఉంటే మిగిలిన డబ్బుతో అద్దెకున్నవాళ్లు కోరిన సౌకర్యం చేయించేది. మెట్లు కడిగితే ఆ ఇళ్లలోని ఆడపిల్లలకే కూలి. నేను పెరిగిందంతా అద్దె ఇళ్లలోనే. కుళాయి కారుతోందని ఆరు నెలలు చెప్పినా పలకని ఓనరు నాకు తెలుసు. వారానికోసారి వచ్చి చూసే ఓనరు విలువ మాలాంటివాళ్లకు తెలుస్తుంది.

సుభద్ర
మరమ్మతు ఓనరు బాధ్యతండీ, దయ కాదు. అసలు నా అభ్యంతరం ఆవిడ నమ్మకం మీద. ఊరికే ఇస్తే పేదవాడు చెడిపోతాడనేది. 1869లో పుట్టిన చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీలో ఆవిడది పెద్ద మాట. సాయం అడిగిన వాళ్ల సంపాదన, నడవడి ఆరా తీసి, ఎవరు అర్హులో తేల్చడం ఆ సొసైటీ పని. ముసలివాళ్లకు సర్కారు పింఛను కూడా వద్దంది. 1908లో చట్టం వచ్చి, 70 దాటినవాళ్లకు వారానికి 5 షిల్లింగుల దాకా ఇచ్చారు.

రామ్మోహన్
ఆ చట్టంలోనూ నడవడి షరతులున్నాయి. పని చేయగలిగీ చేయనివాడికి, జైలుకెళ్లి వచ్చినవాడికి ఇవ్వలేదు. తప్పంతా ఆవిడ నెత్తినే రుద్దకండి.

వసంత
మీరిద్దరూ వసూలుకు వెళ్లిన ఆడవాళ్లను వదిలేశారు. పార్లమెంటుకు ఓటు లేదు. పెళ్లైనావిడకు 1882 చట్టం దాకా సొంత ఆస్తి మీద పూర్తి హక్కే లేదు. ఇల్లు దాటి బయటి పనిలో దిగడానికి ఈ దానధర్మాలే దారి. లూయిసా ట్వైనింగ్‌ను చూడండి. పేదలకు తిండి పెట్టి చాకిరీ చేయించుకునే వర్క్‌హౌస్‌లలో ఆడవాళ్లు తిరిగి చూడాలని 1858లో సంఘం పెట్టించింది. 1875లో కెన్సింగ్టన్‌లో మార్తా మెరింగ్టన్ గార్డియన్‌గా ఎన్నికైంది. అంటే పేదలకు సర్కారు సాయం ఎలా అందాలో చెప్పే పేదల చట్టాన్ని అమలు చేసే బోర్డులో తొలి మహిళ. ఇంతమందికి తోవ చూపిన ఆక్టేవియా ఆడవాళ్లకు ఓటు వద్దనడం మాత్రం నాకిప్పటికీ కష్టంగా ఉంది.

సుభద్ర
వసంత గారూ, ఆ దారిలో నడిచి వేరే చోట తేలినావిడ ఉంది. బియాట్రిస్ పాటర్ 1885లో లండన్‌లోని పేదల అద్దె ఇళ్లు, కేథరిన్ బిల్డింగ్స్‌లో అద్దె వసూలు చేసింది. పెళ్లయ్యాక బియాట్రిస్ వెబ్. పేదల చట్టం మీద 1905–09లో సర్కారు వేసిన విచారణ సంఘం, అంటే రాయల్ కమిషన్‌లో ఆవిడా, ఆక్టేవియా ఇద్దరూ సభ్యులు. ఆక్టేవియా మెజారిటీ నివేదిక మీద సంతకం పెట్టింది. వెబ్ మాత్రం పేదల చట్టాన్నే ఎత్తేయమని మైనారిటీ నివేదిక ఇచ్చింది. ఇద్దరూ అలాంటి గుమ్మాలు తొక్కినవాళ్లే.

రామ్మోహన్
పింఛను విషయంలో మీతో ఒప్పుకుంటాను. ఆ బకెట్ విషయంలో మాత్రం ఒప్పుకోలేను.