77, 80 గ్రెయిన్ మ్యాచ్ బుల్లెట్లు, ఏఆర్-15: బోల్ట్ పూర్తిగా మూసుకోవడం లేదు

టెక్సాస్_తెలుగోడు:
నమస్తే అందరికీ. రైఫిల్ .223 ఏఆర్-15. 20 అంగుళాల బ్యారెల్, 1:8 ట్విస్ట్ (లోపలి మర 8 అంగుళాలకి ఒక చుట్టు), వైల్డ్ అనే రకం ఛాంబర్ (రౌండ్ కూర్చునే గది). సర్వీస్ రైఫిల్ మ్యాచ్‌ల కోసం 200, 300 గజాలకి సియెర్రా 77 గ్రెయిన్ (బుల్లెట్ బరువు) మ్యాచ్‌కింగ్, 600కి అదే కంపెనీ 80 గ్రెయిన్ బుల్లెట్‌తో రౌండ్లు సొంతంగా లోడ్ చేస్తున్నాను. బ్రాస్ (పేలిన ఖాళీ కేసులు) రేంజ్‌లో ఏరిన లేక్ సిటీ మిలిటరీ ఫ్యాక్టరీవి. పౌడర్ వార్గెట్, మాన్యువల్‌లో ఇచ్చిన గరిష్ఠానికి 0.3 గ్రెయిన్ తక్కువ.

పదింట్లో ఒకటి రెండు రౌండ్లకి బోల్ట్ (ఛాంబర్‌ని మూసే భాగం) చివరిదాకా వెళ్ళడం లేదు, ఫార్వర్డ్ అసిస్ట్ (బోల్ట్‌ని ముందుకి నెట్టే బటన్) కొట్టాల్సి వస్తోంది. మ్యాగజైన్ నుంచి ఎక్కించి, పేల్చకుండా తీసి కొలిస్తే 77 గ్రెయిన్ రౌండ్ల పొడవు మారిపోతోంది, కొన్ని 8 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాకా. కొన్ని ప్రైమర్ల (కేసు అడుగున పౌడర్‌ని రాజేసే మూత) మీద ఫైరింగ్ పిన్ను గుంట చుట్టూ అంచు లేస్తోంది. పైగా 80 గ్రెయిన్ బుల్లెట్‌ని ల్యాండ్స్‌కి (బ్యారెల్ లోపలి మరల గట్లకి) ఆనేలా కూర్చోబెడితేనే గ్రూప్ (టార్గెట్ మీద గుళ్ళు దగ్గరగా పడడం) బాగుంటుందని బోల్ట్ రైఫిల్ వాళ్ళు అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

కేస్‌గేజ్:
ముందుగా ఒక మాట బ్రదర్: సొంతంగా లోడ్ చేసిన రౌండ్ మీద ఫార్వర్డ్ అసిస్ట్ వాడొద్దు. మూసుకోని రౌండ్‌ని బయటికి తీసి ఎందుకు మూసుకోలేదో చూడాలి. కొట్టి మూస్తే ఈసారి అది ఛాంబర్‌లోనే బిగుసుకుపోతుంది.

కారణం దాదాపు ఖాయంగా సైజింగే (ఉబ్బిన కేసుని డైలో నొక్కి మళ్ళీ కొలతకి తేవడం). ఏరిన లేక్ సిటీ ఏ తుపాకీలో పేలిందో మనకి తెలియదు. మెషిన్‌గన్ ఛాంబర్లు వదులుగా ఉంటాయి, కేసు అడుగున ఉబ్బిపోతుంది. అలాంటి బ్రాస్‌ని మొదటిసారి స్మాల్ బేస్ డైలో (అడుగుని ఇంకాస్త ఎక్కువ నొక్కే డై) నొక్కాలి. ఆ తర్వాత మీ రైఫిల్లోనే తిరుగుతుంటే మామూలు ఫుల్ లెంగ్త్ డై సాధారణంగా సరిపోతుంది.

ఎక్కడ తగులుతోందో ఊహించక్కర్లేదు. పట్టేసిన రౌండ్‌కి నల్ల మార్కర్ పూసి మళ్ళీ ఎక్కించండి. (రేంజ్‌లోనే, బ్యారెల్ టార్గెట్ వైపు పెట్టి. ఇంట్లో పౌడర్ నింపిన రౌండ్‌తో ఈ పని వద్దు.) భుజం (బుల్లెట్‌ని పట్టే మెడకి కింది వాలు) దగ్గర రంగు చెదిరితే భుజం సరిగా వెనక్కి వెళ్ళలేదన్నమాట, అడుగున చెదిరితే ఉబ్బు. మెడ అంచున చెదిరితే ట్రిమ్ చెయ్యలేదని (కేసుని కొలతకి కోయలేదని), మెడా భుజం కలిసే మూలలో చెదిరితే క్రింప్ (కేసు మూతిని బుల్లెట్ మీదికి నొక్కడం) ఎక్కువై భుజం పొంగిందని అర్థం. కేసు గరిష్ఠ పొడవు 1.760 అంగుళాలు, 1.750కి కోయండి.

భుజాన్ని ఎంత నొక్కాలంటే, సెమీ ఆటోకి (ఏఆర్ లాంటి, తర్వాతి రౌండ్‌ని తనే ఎక్కించుకునే రైఫిల్‌కి) 3 నుంచి 4 థౌ. కంపారేటర్‌తో (కేసుని భుజం దాకా కొలిచే సాధనం) కొలిచే ముందు పేలిన ప్రైమర్ తీసెయ్యాలి, అది కొద్దిగా బయటికి వచ్చి ఉంటే కొలత తప్పు చూపిస్తుంది. ఇంకో తిరకాసు ఉంది. సెమీ ఆటోలో ఒత్తిడి పూర్తిగా తగ్గకముందే కేసు బయటికి లాగబడుతుంది కాబట్టి భుజం ఛాంబర్ కంటే కాస్త ముందుకి సాగి ఉండొచ్చు. అందుకే చివరి తీర్పు కొలతది కాదు: సైజ్ చేసిన ఖాళీ కేసు మీ ఛాంబర్‌లోకి దాని బరువుకే జారి పడాలి. డై మర ఒక పూర్తి చుట్టుకి 71 థౌ కదులుతుంది, అంటే 15 డిగ్రీలు తిప్పితే 3 థౌ. చిన్నగా తిప్పండి.

మితిమీరి నొక్కినా ప్రమాదమే. రెండు మూడుసార్లు పేల్చేసరికి అడుగుకి కాస్త పైన మెరిసే గీత వస్తుంది, తర్వాత కేసు అక్కడే తెగుతుంది. కొన వంచిన పేపర్ క్లిప్‌తో లోపల గీకి చూస్తే గాడి చేతికి తెలుస్తుంది. తెలిస్తే ఆ కేసు చెత్తబుట్టకే.

మెడబిగువు:
పొడవు మారడం గురించి. రౌండ్ పొడవు పెరిగిందా, తగ్గిందా? అది రాయలేదు మీరు. పెరిగితే, బోల్ట్ దెబ్బకి కేసు ఆగిపోయి బుల్లెట్ తన ఊపుతో ముందుకి జారుతోంది. తగ్గితే, ఫీడ్ ర్యాంప్‌కి (రౌండ్ ఛాంబర్‌లోకి ఎక్కే వాలు) గుద్దుకుని లోపలికి పోతోంది. రెండోదే ఎక్కువ భయం, బుల్లెట్ వెనక్కి వెళితే లోపల చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది.

రెండింటికీ మందు మెడ బిగువే. లోడ్ చేసిన మెడ వ్యాసంలోంచి సైజ్ చేసిన మెడ వ్యాసం తీసేస్తే 2 నుంచి 3 థౌ తేడా రావాలి. 1 థౌ బోల్ట్ రైఫిల్‌కి సరే, దీనికి చాలదు. బిగువు రాకపోతే ఎక్స్‌పాండర్ బాల్‌ని (డైలో మెడని లోపలినుంచి వెడల్పు చేసే గుండు) డ్రిల్లుకి బిగించి సన్న ఎమరీ కాగితంతో 1 థౌ తగ్గించండి. క్రింప్‌తో సరిపెట్టొద్దు. మామూలు 77 మ్యాచ్‌కింగ్‌కి గాడి ఉండదు, గాడి లేని బుల్లెట్‌ని గట్టిగా క్రింప్ చేస్తే జాకెట్ నొక్కుకుపోతుంది.

77 గ్రెయిన్ రౌండ్ పొడవు 2.260 అంగుళాలు, మ్యాగజైన్ కోసం. ఒకే బాక్సులో కూడా బుల్లెట్ మొనలు సమానంగా ఉండవు, కాబట్టి సీటింగ్ డైని (బుల్లెట్‌ని కేసులో కూర్చోబెట్టే డై) ఓజైవ్ (బుల్లెట్ ముక్కు వంపు) దగ్గరి కొలతతో సెట్ చేయండి. మొన కొలత మ్యాగజైన్‌లో పడుతుందా లేదా చూడ్డానికి మాత్రమే.

80 ఎలాగూ మ్యాగజైన్‌లో పట్టదు, 600 గజాల స్లో ఫైర్‌లో ఒక్కొక్కటే ఎక్కిస్తారు. దాన్ని ల్యాండ్స్‌కి ఆనించమన్న సలహా ఈ రైఫిల్‌కి పనికిరాదు. పేల్చని రౌండ్‌ని తీయాల్సి వస్తే బుల్లెట్ బ్యారెల్‌లో ఉండిపోయి, కేసు మాత్రం చేతికొచ్చి, పౌడరంతా ట్రిగ్గర్‌లో ఒలుకుతుంది. 15 నుంచి 20 థౌ వెనక ఉంచండి. మ్యాచ్‌కింగ్ ముక్కు ఆ ఖాళీని బాగానే ఓర్చుకుంటుంది. ల్యాండ్స్ అరిగేకొద్దీ మళ్ళీ కొలుచుకోవాలి.

టెక్సాస్_తెలుగోడు:
థాంక్స్ అన్నా. పెరుగుతోంది, తగ్గడం లేదు. మెడ తేడా ఇప్పుడే కొలిచాను, 1.5 థౌ. మరి ప్రైమర్ అంచు సంగతి?

పాతబ్రాస్:
అంచు ఒక్కటే చూసి ఒత్తిడి ఎక్కువని తేల్చకండి. బోల్ట్‌లో పిన్ను రంధ్రం పెద్దదైనా అలా వస్తుంది. దాంతోపాటు కేసు అడుగున ఎజెక్టర్ (కేసుని బయటికి తోసే పిన్ను) గీత, ఒకటి రెండుసార్లకే ప్రైమర్ పాకెట్ వదులవడం, ఎక్కడైనా ప్రైమర్ ఊడిపడడం కనిపిస్తే వెంటనే ఆపేయాలి. ఊడిన ప్రైమర్ ట్రిగ్గర్ కిందికి చేరితే రైఫిల్ పనిచేయడం ఆగిపోతుంది, అదొక తలనొప్పి.

నమ్మదగింది క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే యంత్రం). 20 అంగుళాల బ్యారెల్‌లో 77 గ్రెయిన్ సెకనుకి 2700 అడుగుల దరిదాపుల్లో ఉంటే మామూలే. మీ మాన్యువల్ అదే పౌడర్‌కి ఇచ్చిన వేగాన్ని దాటితే, ప్రైమర్లు ఎంత అందంగా ఉన్నా ఒత్తిడి దాటినట్టే.

అసలు "గరిష్ఠానికి 0.3 తక్కువ" అన్న లెక్కే నాకు నచ్చలేదు. ఏ కేసులో ఆ గరిష్ఠం? కేసు కంపెనీ మారితే లోపలి చోటు మారుతుంది. మీ బ్రాస్, మీ ప్రైమర్, మీ పౌడర్ డబ్బాతో మాన్యువల్ మొదటి లోడ్ నుంచి మొదలుపెట్టి 0.2 గ్రెయిన్ చొప్పున ఎక్కండి. ఏది మార్చినా మళ్ళీ కిందనుంచే. వేరే కంపెనీల కేసులు కలపొద్దు. వార్గెట్ పుల్లల్లాంటి పౌడర్, మెజర్‌లో (పౌడర్‌ని కొలిచి పోసే సాధనం) తెగుతూ పడుతుంది కాబట్టి 600 గజాల రౌండ్లకి ప్రతి లోడూ తూచాలి. ఒక రౌండ్‌కీ ఇంకోదానికీ వేగంలో 50 అడుగుల తేడా వస్తే 600 దగ్గర నిలువుగా 5 అంగుళాల దాకా చెదురుతుంది. ఆ టార్గెట్ మీద 10 రింగు వ్యాసమే 12 అంగుళాలు.

ప్రైమర్: ఏఆర్ పిన్నుకి స్ప్రింగ్ ఉండదు, బోల్ట్ మూసుకునేటప్పుడు ప్రైమర్‌ని చిన్నగా గీటుతుంది. అందుకే సీసీఐ 41, రెమింగ్టన్ 7½ లాంటి గట్టివి వాడతారు. రెమింగ్టన్ 6½ ఈ క్యాలిబర్‌కి కాదు. లేక్ సిటీ ప్రైమర్ పాకెట్ చుట్టూ మిలిటరీ క్రింప్ (ప్రైమర్ ఊడకుండా నొక్కిన అంచు) ఉంటుంది, స్వేజ్ చేసి (నొక్కి వెడల్పు చేసి) తీయాలి. ప్రైమర్ కేసు అడుగుకి 3 నుంచి 5 థౌ లోపలికి కూర్చోవాలి, వేలితో తడిమితే తెలుస్తుంది. 80 గ్రెయిన్ రౌండ్లని ఛాంబర్‌లోకి చేత్తో జారవిడిచి బోల్ట్ వదలొద్దు. మ్యాగజైన్ ఘర్షణ లేక బోల్ట్ వేగంగా వెళ్తుంది, పిన్ను దెబ్బ గట్టిగా పడుతుంది. ఒక్కొక్క రౌండే పెట్టే స్లెడ్ దొరుకుతుంది, అది కొనండి.

భాగ్యనగర్_షూటర్:
ఇదంతా హైదరాబాద్‌లో చేయొచ్చా అండీ?

పాతబ్రాస్:
చేయకూడదండి. ఇండియాలో తూటాలు తయారుచేయాలంటే 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద లైసెన్స్ ఉండాలి. మీ తుపాకీ లైసెన్స్ దానికి చెల్లదు.

కేస్‌గేజ్:
టెక్సాస్ బ్రదర్, ఎక్స్‌పాండర్ తగ్గించాక మొత్తం బ్యాచ్ లోడ్ చేసేయొద్దు. ఐదు రౌండ్లు చేసి, ఓజైవ్ కొలిచి, మ్యాగజైన్ నుంచి ఒక్కొక్కటీ ఎక్కించి తీసి మళ్ళీ కొలవండి. 2 థౌ లోపు కదిలితే ముందుకెళ్ళండి. అలా ఎక్కించి తీసిన ఐదూ మ్యాచ్‌కి వద్దు, ప్రాక్టీస్‌కి వాడుకోండి.