సమస్య: “చెదలు గాచె నింటి చెక్క నెల్ల” – పూరణలు, చర్చ

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది (ఆ.వె.) నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి దీనికి అర్థం కుదర్చాలి, అదే పూరణ.

చెదలు గాచె నింటి చెక్క నెల్ల

చెదలు తింటాయి కాని కాస్తాయా, అంటే కాపాడతాయా, అని అడగకండి, అడిగించడానికే ఇచ్చాను. వస్తువు ఇంట్లోని కొయ్య సామాను: కుర్చీ, మంచం, బీరువా, పీట, గుమ్మం, మీ ఇష్టం. ఈసారి ఒక షరతు ఉంది. ఛందస్సు, వ్యాకరణం నేను చూస్తాను, చెక్క సంగతి ‘ఉలి’ గారు చూస్తారు. ఆయనది వడ్రంగుల ఇల్లు. పద్యం ఎంత చక్కగా నడిచినా, అది చదివి ఎవరైనా బల్ల పాడుచేసుకునేలా ఉంటే ఆయన ఊరుకోరు.

ముగ్గుగిన్నె:
మాస్టారూ, ‘చెదలు కాచె’ అనాలి కదా? ‘గాచె’ ఎందుకైంది?

నిర్వాహకుడు:
ప్రథమా విభక్తి మీద పరుషం (క చ ట త ప) వస్తే దాని బదులు గసడదవలు బహుళంగా, అంటే ఒకచోట వచ్చి ఒకచోట రాకుండా, వస్తాయి. ‘వాడు కొట్టె’, ‘వాడు గొట్టె’ రెండూ ఒప్పే. నా చెవికి ‘గాచె’ బాగుంది, అంతే. కావలసినవారు ‘కాచె’ అని రాసుకోండి, గణం మారదు.

పంతులుగారబ్బాయి:
ఆ.వె.
వేపనూనె పూసె వెనుకవైపునఁ దాత
యెండఁ బెట్టె బల్ల నెత్తి నిలిపి
వాసనెఱిగి జడిసి పాఱిపోయెనుఁ బుట్ట
చెదలు, గాచె నింటి చెక్క నెల్ల

అన్వయం: పుట్టచెదలు పారిపోయాయి, తాత చెక్కను కాచాడు.

నిర్వాహకుడు:
విరుపు బాగుంది. ‘పుట్ట’ను మూడో పాదం చివర ఆపి ‘చెదలు’ దగ్గర తుంచడంతో సమస్య ఒక్క దెబ్బకు విడిపోయింది. అయితే ‘వాసనెఱిగి’ దగ్గర కాలు జారింది. ‘వాసన నెఱిగి’ అనాలి, అలా అంటే గణం చెడుతుంది. ‘వాసన కిక జడిసి’ అంటే రెండూ నిలుస్తాయి.

పంతులుగారబ్బాయి:
జడవాచకాలకు ద్వితీయ బదులు ప్రథమ రావచ్చు కదండీ? అప్పుడు వాసన + ఎఱిగి, అత్వసంధితో ‘వాసన’ చివరి అకారం పోతుంది.

నిర్వాహకుడు:
వస్తుంది, మొదటి మెట్టు దాటారు. రెండోది కష్టం. ‘వాసన’ తత్సమం, సంస్కృతం నుంచి వచ్చిన మాట, దానికి అత్వసంధి పెద్దలు ఒప్పుకోరు. నా సవరణ తీసుకోండి, పోట్లాట ఉండదు.

ఉలి:
నాకు సంధుల గొడవ తెలియదు కాని, రెండో పాదం చూస్తే గుండె గుభేలుమంది. పాలిష్ చేసిన బల్లను ఎండలో నిలబెట్టకూడదు బాబూ. ఒక పక్క గబగబా ఆరిపోయి రెండో పక్క ఆరకపోతే పలక విల్లులా వంగుతుంది, అతుకులు విడుస్తాయి. రంగు కూడా వెలిసిపోతుంది. నులక మంచాన్ని నల్లుల కోసం ఎండలో వేసే అలవాటు వేరు, దాని చట్రానికి పాలిష్ ఉండదు, పైకి కనిపించే పలకా ఉండదు. వేపనూనె మాట మంచిదే. అది కూడా పాలిష్ లేని అడుగువైపు, వెనకవైపు మాత్రమే. ‘వెనుకవైపున’ అన్నారు చూశారా, అక్కడ తాతకు పని తెలుసు.

పంతులుగారబ్బాయి:
‘నీడఁ బెట్టె బల్ల నెత్తి నిలిపి’ అని మారుస్తున్నాను.

నిర్వాహకుడు:
మారిస్తే ‘నీ’కి ‘నె’తో యతి ఇంకా బాగా కుదిరింది. వడ్రంగి చెప్పిన సవరణతో యతి మెరుగుపడడం ఈ శీర్షికలో ఇదే మొదలు.

ముగ్గుగిన్నె:
ఆ.వె.
పాత పీట క్రింద బారుగా మన్నును
చూచి యింట నుండు చోట్ల నెల్ల
వెదకి మందు పోయ, బెదరక కనిపించు
చెదలు గాచె నింటి చెక్క నెల్ల

పీట కింద మట్టిగీత కనిపించబట్టే ఇల్లంతా వెతికాము. ఆ చెదలు దాక్కుని ఉంటే మా దూలాలు పోయేవి. ఇది నిజంగా జరిగినదే.

నిర్వాహకుడు:
ఇది నాకు నచ్చిన పూరణ. విరుపులు లేవు, పద్యం సమస్యను ఎదురుగా నిలబెట్టి ఒప్పించింది. ‘వెదకి, బెదరక, చెదలు’ అని దకారం మూడుసార్లు పలికింది. కావాలని చేశారో, దానంతట అదే వచ్చిందో చెప్పకండి, నేను కావాలనే చేశారని అనుకుంటాను. ‘ఎల్ల’ రెండు పాదాల చివర వచ్చింది, అదొక్కటి చూసుకోండి.

ఉలి:
అమ్మా, మీరు చూసినది సరైన గుర్తు. చెదలు వెలుతురులో నడవవు. నేలలోంచి గోడ మీదుగా పెన్సిలు లావు మట్టిగొట్టం కట్టుకుని అందులోంచి వస్తాయి. ఆ గొట్టాన్ని చీపురుతో గీకేసి ‘పోయింది’ అనుకుంటారు చాలామంది. అలా కాదు. మధ్యలో వేలెడు మేర మాత్రం విరిచి వదిలేయండి. రెండు మూడు రోజుల్లో మళ్లీ అతుక్కుంటే లోపల రాకపోకలున్నట్టే. మందు పీటకు కొడితే లాభం లేదు, అవి వస్తున్న నేలకూ గోడ మొదలుకూ కొట్టాలి. ఇంకొక మాట. కుర్చీ కింద సన్నని పిండి రాలుతూ, గుండుసూది దూరేంత చిల్లులుంటే అది చెదలు కాదు, చెక్క తొలిచే పురుగు. చెదలు మట్టి తెస్తుంది, ఆ పురుగు పిండి రాలుస్తుంది. వైద్యం వేరు.

పాతపెట్టె:
ఆ.వె.
తెల్లచెక్కఁ దినుచుఁ దేల్చెను జేవను
వడ్ల తాత పనికి వంత పాడి
చేవ యెంచి చూపి చెడు తెల్ల తొలగించి
చెదలు గాచె నింటి చెక్క నెల్ల

నిర్వాహకుడు:
ఊహ కొత్తది. తీర్పు కొంచెం కఠినంగా చెబుతాను. ఒకటో పాదం, మూడో పాదం ఒకే మాట చెబుతున్నాయి. ఆటవెలదిలో ఉన్నవే నాలుగు పాదాలు, అందులో నాలుగోది నేనిచ్చినది. మిగిలిన మూడింటిలో ఒకటి వృథా అయితే ఎలాగండీ? ‘వంత పాడి’ అంటే అవునవును అంటూ తల ఊపేవాడు గుర్తొస్తాడు, మీకు కావలసిన అర్థం అది కాదు. ‘వడ్ల తాత’ను, అంటే వడ్రంగి తాతను, కొందరు ధాన్యం తాత అనుకునే ప్రమాదమూ ఉంది. మూడో పాదం ఇలా పెట్టి చూడండి:
ఏది నిలుచు కఱ్ఱ? యిది యని చూపించి

ఉలి:
పద్యం మీద మాస్టారు కోప్పడ్డారు కాని, చెప్పిన విషయానికి నేను దండం పెడతాను. చెట్టు నడుమ ముదిరిన భాగం చేవ, బెరడు పక్కన ఉండేది తెల్ల. టేకు చెదలు పట్టదంటారే, అది చేవ మాట. టేకు తెల్లను చెదలు మామిడి చెక్కను తిన్నట్టే తినేస్తుంది. దుకాణంలో ‘అసలు టేకు’ అని రంగు కొట్టి అమ్మిన మంచం మూడేళ్లకు గుల్ల అయ్యిందని నా దగ్గరికి తెస్తారు. విప్పి చూస్తే సగం తెల్లే. కొనేటప్పుడు పైపాలిష్ చూడకండి, పరుపు పలకలు ఎత్తి, రంగు పడని అడుగు చూడండి. పాలిపోయిన గోధుమరంగు పట్టీ కనిపిస్తే అదే తెల్ల.

కొత్తచిగురు:
నేను ఈ మధ్యే చేరాను. తప్పులుంటే మన్నించండి.
ఆ.వె.
కొబ్బరి నూనె పూసి కొత్తగ మెరిపించి
దుమ్ము పట్ట మరలఁ దుడిచి తుడిచి
జిడ్డు జిడ్డు కాఁగఁ జీ యని పోయిన
చెదలు గాచె నింటి చెక్క నెల్ల

నిర్వాహకుడు:
రండి, రండి. నవ్వించినవారికి సగం తప్పులు మాఫీ. మిగిలిన సగం ఒక్కటే: మొదటి పాదంలో ‘కొబ్బ’ గలం (గురువు, లఘువు), సరే. ‘రినూ’ లగం (లఘువు, గురువు), అది సూర్యగణం కాదు; సూర్యగణమంటే గలమో, మూడు లఘువులో. ‘కొబ్బరి చమురద్ది’ అనండి: కొబ్బ, రిచము, రద్ది. మూడు సూర్యగణాలు వరసగా కూర్చుంటాయి. ‘నూనె’ కోసం గణాన్ని చంపకండి, చమురు ఉంది కదా.

ఉలి:
కొత్తవారైనా పద్యంలో ఒక్క అబద్ధం లేదు, చెదలు చీ అనడం తప్ప. కొబ్బరినూనె చెక్క మీద ఎన్నాళ్లకూ ఆరదు. తడితడిగానే ఉండి ఊళ్లో దుమ్మంతా పట్టుకుంటుంది. చలికాలం 24, 25 డిగ్రీలకు దిగితే గడ్డకట్టి తెల్లగా మరకలు కూడా వేస్తుంది. వంటనూనెలు చాలావరకు అంతే. ఆరే నూనె అవిసె నూనె. గాలి తగిలి పొరలా గట్టిపడుతుంది. పాలిష్ లేని చెక్కకు పలచగా రాసి, అరగంట ఆగి, మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. ఆ గుడ్డను ఉండచుట్టి మూల పడేయవద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి ఎటూ పోలేక తనంతట తానే అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేయండి.

నిర్వాహకుడు:
ఇంత చెప్పారు కనుక నా తప్పు కూడా ఒప్పుకుంటాను. 2020లో కరోనా భయానికి ఇంట్లో ముట్టుకున్నదల్లా శానిటైజరుతో తుడిచాను. మా తాతగారి పడకకుర్చీ చేతులు కూడా. మర్నాడు మధ్యాహ్నం అందులో వాలి పుస్తకం చదువుకుంటూ లేవబోతే మోచేయి అతుక్కుంది. తీసి చూస్తే చొక్కా నేత గళ్లు కుర్చీ చేతి మీద అచ్చుపడి ఉన్నాయి. ఇప్పటికీ ఉన్నాయి.

ఉలి:
అది లక్క పాలిష్ మాస్టారూ. లక్కను స్పిరిటులో కరిగించే ఆ పాలిష్ చేస్తాము. శానిటైజరులో ఉన్నదీ ఆ జాతి ద్రవమే, మళ్లీ కరిగించేసింది. కంగారు పడకండి, లక్క పాలిష్ సుగుణం కూడా అదే: పాత పొర మీద కొత్త పూత పెడితే రెండూ కలిసిపోతాయి. గీకనవసరం లేదు. సన్నని ఉప్పు కాగితంతో పైపైన రుద్ది, దూది మూటతో నాలుగు పూతలు వేస్తే గళ్లు పోతాయి.

నిర్వాహకుడు:
గళ్లు ఉండనివ్వండి. నా తెలివికి గుర్తు.

దూరతీరం:
టెక్సాస్ నుంచి రాస్తున్నాను. ఇక్కడ మా ఇంటి గోడల లోపలి చట్రమే కొయ్య, అందుకే కొనే ముందు చెదల పరీక్ష చేయించాము. ఆ లెక్కన మీ సమస్య మాకు నిత్యకృత్యం. క్రమాలంకారంలో, అంటే ముందు వరసగా ప్రశ్నలు, చివర అదే వరసలో జవాబులు వచ్చేలా, ప్రయత్నించాను.
ఆ.వె.
ఏవి పుట్టఁ గట్టు నింటి దూలము నెక్కి?
పాల నేమి చేసె వంటయింట
నమ్మ? దేనిఁ దుడిచె నయ్య మెత్తని గుడ్డ?
చెదలు, గాచె, నింటి చెక్క నెల్ల

నిర్వాహకుడు:
భేష్. ‘కాచె’కు రక్షించడం, మరిగించడం అని రెండు అర్థాలున్నాయని ఇంతమందిలో మీకే తట్టింది. పాలు కాచిన కాచె, ఇల్లు కాచిన కాచెను పక్కకు నెట్టేసింది. ‘గుడ్డ’ దగ్గర తృతీయ లేదు, ‘గుడ్డతో’ అని ఊహించుకోవాలి. సరిపెట్టుకుందాం.

ఉలి:
మెత్తని గుడ్డ, సరే. పాత నూలు పంచె ముక్క అయితే ఇంకా మేలు. చెక్కలో గీతలు ఎటు సాగితే అటే తుడవాలి, అడ్డంగా కాదు. తడి అవసరమైతే గుడ్డ పిండి, వెంటనే పొడిగుడ్డ వేయాలి. వేడి కాఫీ గ్లాసు పెట్టిన చోట తెల్లని వలయం పడిందంటే తేమ పాలిష్ పొరలోనే ఆగిందని అర్థం, కొన్నాళ్లకు దానంతట అదే తగ్గవచ్చు. నల్లమచ్చ అయితే నీళ్లు చెక్కలోకి దిగాయి, అది తుడిస్తే పోదు.

దూరతీరం:
ఉలి గారూ, అమ్మమ్మ ఇచ్చిన పీట ఇక్కడికి తెచ్చాను. శీతాకాలంలో హీటరు వేస్తే నిలువునా చీలింది.

ఉలి:
గాలిలో తేమ పోతే చెక్క పొడవునా తగ్గదు, అడ్డంగా కుంచించుకుంటుంది. అందుకే చీలిక ఎప్పుడూ నిలువునా వస్తుంది. హీటరుకు దూరంగా పెట్టండి, చీలికలో జిగురు నింపకండి. వానాకాలం వస్తే అది మళ్లీ దగ్గరవుతుంది, జిగురు అడ్డం పడితే పక్కన ఇంకోచోట చీలుతుంది.

ముగ్గుగిన్నె:
వానాకాలం అన్నారు కనుక అడుగుతున్నాను. మా వాకిలి తలుపు ఉబ్బి భుజం పెట్టి నెడితే కాని మూసుకోవడం లేదు. ఈ ఆదివారం చిత్రిక పట్టించి అంచు తగ్గించమంటారా?

నిర్వాహకుడు:
ఆ ప్రశ్నకు జవాబు వచ్చేలోగా ఒక విన్నపం. అందరి చెక్కకూ తప్పులు పట్టిన ఉలి గారు ఒక్క పద్యమైనా రాయకపోతే ఏం న్యాయం?

ఉలి:
నాకు గణాలు రావు. పాట కట్టినట్టు లెక్కపెట్టి రాశాను, నవ్వకండి.
ఆ.వె.
గుల్ల యైన పలకఁ గొట్టులో నిలిపితి
వచ్చువారు చూచి భయముఁ జెంది
ఇంటి కేగి యడుగు లెత్తి చూచిరి వారు
చెదలు గాచె నింటి చెక్క నెల్ల

చెదలు తిన్న పలక ఒకటి మా కొట్టు గుమ్మంలో వేలాడదీశాను. పైన నునుపుగా ఉంటుంది, వేలు పెట్టి నొక్కితే అప్పడంలా విరుగుతుంది. వచ్చినవాళ్లంతా ఒకసారి నొక్కి చూస్తారు. అంచులు అలా నొక్కీ నొక్కీ ఇప్పుడు సగమే మిగిలింది.

నిర్వాహకుడు:
‘అడుగు లెత్తి’ అంటే పరుగున నడిచారని మొదట చదివాను. రెండోసారి చదివితే పీటల అడుగు, బీరువాల అడుగు అని తెలిసింది. రెండూ కుదిరాయి. ‘వచ్చువారు’ ఉండగా మళ్లీ ‘వారు’ ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. గణాలు మూడుసార్లు లెక్కపెట్టాను, ఎక్కడా తప్పలేదు.

ఉలి:
అమ్మా, తలుపు మాట మరిచాను. ఈ ఆదివారం వద్దు. ఇప్పుడు చిత్రిక పట్టిస్తే ఎండాకాలానికి తలుపుకూ చట్రానికీ మధ్య వేలు దూరుతుంది. రాపిడి పడేచోట కొవ్వొత్తి మైనం రుద్ది, సంక్రాంతి దాకా ఓపిక పట్టండి. అప్పటికీ పట్టేస్తే నేనే వస్తాను.